ఈలమ్ దేవుళ్లను వెతుక్కుంటూ ఖూజిస్తాన్‌లో

ఇరాన్ వెళ్లే మనవాళ్లు సాధారణంగా టెహ్రాన్‌లో దిగి, ఇస్ఫహాన్, యజ్ద్, షీరాజ్ తిరిగి, పర్సెపోలిస్ చూసి వచ్చేస్తారు. నైరుతి మూలన ఇరాక్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఖూజిస్తాన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. "అక్కడ ఎండ, దుమ్ము, చమురు బావులు తప్ప ఏముంది?" అని టెహ్రాన్‌లో మా హోటల్ రిసెప్షన్ అబ్బాయే అడిగాడు. ఉన్నది ఈలమ్. పర్షియన్ చక్రవర్తులు పుట్టడానికి రెండు వేల ఏళ్ల ముందు నుంచే ఆ మైదానంలోనూ, దాని వెనకున్న జాగ్రోస్ కొండల్లోనూ రాజ్యం చేసినవాళ్లు, గుళ్లు కట్టినవాళ్లు, తమ దేవుళ్ల పేర్లు ఇటుక ఇటుకకీ రాయించినవాళ్లు.

అక్కా నేనూ కలిసి ఆ గుళ్ల కోసమే వెళ్లాం. మూడు చోట్లు చూసొచ్చాక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చోగా జంబీల్‌లో గుడి మిగిలింది కానీ అందులో దేవుడు లేడు. సూసాలో గుడీ లేదు, దేవుడూ లేడు, కథ మాత్రం ఉంది. ఈజె కొండల్లో మాత్రం మొక్కినవాళ్లు, మొక్కిన చోటు, మొక్కు రాయించిన రాత అన్నీ ఒకే చోట ఉన్నాయి. చాలా టూర్ ప్యాకేజీల్లో మొదటి రెండూ ఉంటాయి, మూడోది ఉండదు. ఆ మూడోదాని కోసం ఇంకో రోజు తీసి పెట్టుకోండని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు అనుమతుల సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి విమానంలో వచ్చే భారతీయులకు 15 రోజుల దాకా వీసా అక్కర్లేదన్న సడలింపు ఉండేది. 2025 నవంబర్ 22 నుంచి దాన్ని ఆపేశారు. కాబట్టి ముందుగా వీసా తీసుకోవాల్సిందే. మనకు హైదరాబాద్‌లోనే ఇరాన్ కాన్సులేట్ ఉంది, అది పెద్ద సౌకర్యం. ఆ ప్రాంతంలో పరిస్థితులు త్వరగా మారిపోతుంటాయి కనుక టికెట్లు కొనే ముందు మన విదేశాంగ శాఖ ఏం సూచించిందో తప్పకుండా చూడండి. మన వీసా కార్డులు, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. డాలర్లో యూరోలో నోట్లుగా తీసుకెళ్లి మార్చుకోవాలి. నోట్ల మీద రియాల్ అని ఉంటుంది, జనం నోట తోమాన్ అని వస్తుంది. ఒక తోమాన్ అంటే 10 రియాళ్లు. ధర అడిగిన ప్రతిసారీ "రియాలా, తోమానా?" అని అడగడం అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు.

టెహ్రాన్ నుంచి ఖూజిస్తాన్ రాజధాని అహ్వాజ్‌కి విమానంలో వెళ్తే గంట పైచిలుకు. మేం రాత్రి రైలు ఎక్కాం. అందరికీ రైలే చెబుతాను. పడకల పెట్టె శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఇచ్చారు, టీ ఇచ్చారు. తెల్లారేసరికి రైలు జాగ్రోస్ కొండల మధ్య, దెజ్ నది వెంట, సొరంగంలోంచి సొరంగంలోకి వెళ్తూ ఉంటుంది. ఈ రైలుమార్గానికే 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈలమ్ గురించి చదివేటప్పుడు కొండల అన్షాన్, మైదానపు సూసా అని రెండు ముక్కలు కనిపిస్తాయి. అక్కడి రాజులు తమను "అన్షాన్‌కూ సూసాకూ రాజు" అని చెప్పుకునేవాళ్లు. ఆ రెండూ ఎంత వేరో కిటికీలోంచే తెలిసిపోతుంది. కొండలు ఉన్నట్టుండి అయిపోయి, చదునైన పచ్చటి పొలాలు మొదలవుతాయి.

అందిమెష్క్‌లో దిగి పక్కనే ఉన్న దెజ్‌ఫూల్‌లో బస చేశాం. పాత ఇటుక ఇంటిని వసతిగా మార్చారు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, కింద చల్లటి నేలమాళిగ. వీటిని అక్కడివాళ్లు షవాదాన్ అంటారు. ఎండాకాలం 50 డిగ్రీలు తాకే ఊళ్లో జనం మధ్యాహ్నాలు గడపడానికి భూమిలోకి లోతుగా తవ్వుకున్న గదులు అవి. గది చిన్నదే, వేడినీళ్లు రావడానికి కాసేపు ఆగాలి, కానీ ఇంటామె పొద్దున పెట్టిన వేడి రొట్టె, జున్ను, ఖర్జూరాలు, టీ తిన్నాక అక్క మరో రాత్రి ఉందామంది. సూసా పక్కనే షూష్ ఊళ్లోనూ హోటళ్లున్నాయి. చూడాల్సిన చోటికి నడిచి వెళ్లొచ్చన్నదే వాటి గొప్ప. బస కోసమైతే దెజ్‌ఫూల్ లేదా షూష్తర్ బాగుంటాయి.

కారు విషయంలో మాత్రం ఒక మాట. ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో ఒక ఏజెన్సీ ద్వారా ఇంగ్లీషు తెలిసిన గైడ్‌కీ కారుకీ కలిపి డబ్బు కట్టాం. వచ్చింది డ్రైవర్ ఒక్కడే, అతనికి పార్సీ, అరబ్బీ తప్ప రావు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే రేపు పంపుతాం, రేపు పంపుతాం అన్నారు, పంపలేదు. మనిషి మాత్రం బంగారం. ఎక్కడ నీడ ఉందో, ఎప్పుడు ఎండ తగ్గుతుందో, ఏ గేటు దగ్గర దిగితే నడక తక్కువో అన్నీ తెలిసినవాడు. మీరు వెళ్తే ఆ డబ్బు అక్కడి బసవాళ్లకే ఇచ్చి కారు మాట్లాడించుకోండి. వివరాలు చెప్పే మనిషి కావాలంటే చోగా జంబీల్ దారిలో ఉన్న హఫ్త్ తపె మ్యూజియం దగ్గర అడగండి.

హఫ్త్ తపెను చాలామంది దారిలో మూత్రశాల కోసం ఆగే చోటుగా చూస్తారు. అది అన్యాయం. చోగా జంబీల్‌కి వెళ్లే ముందు గంటన్నర ఇక్కడ గడిపితే అక్కడ కనిపించే ఇటుకలకు అర్థం వస్తుంది. చెరకు తోటల కోసం నేల చదును చేస్తుంటే ఇటుక కమాను ఒకటి బయటపడింది. 1965 నుంచి ఇరాన్ పురావస్తు శాస్త్రవేత్త ఎజ్జతుల్లా నెగహ్‌బాన్ తవ్వకాలు జరిపారు. తెప్తి అహార్ అనే రాజు కాలపు గుడి, దానికి చేర్చి కాల్చిన ఇటుకలతో కమాను వేసిన సమాధి దొరికాయి. చోగా జంబీల్ కన్నా ఇది కొంచెం పాతది. ఇక్కడ దొరికిన రాతిపలక మీద పండగలకు, సమాధి దగ్గరి క్రతువులకు ఇవ్వాల్సిన గొర్రెలు, పిండి, బీరు లెక్కలు ఉన్నాయి. గుడి అంటే కట్టడమే కాదు, దాన్ని నడిపే మనుషులు, వాళ్ల జీతబత్యాలు, నైవేద్యాల పద్దు కూడా అని ఆ పలక చెబుతుంది. మ్యూజియం చిన్నది, చల్లగా ఉంటుంది, బొమ్మలతో కూడిన వివరణలు బాగున్నాయి. సిబ్బంది తొందర పెట్టలేదు.

అక్కడి నుంచి చెరకు తోటలు దాటి బీడు గుట్టల్లోకి వెళ్లాక, ఒక మలుపులో చోగా జంబీల్ కనిపిస్తుంది.

క్రీ.పూ. 1250 ప్రాంతంలో ఉంటాష్ నాపిరిషా అనే రాజు కొత్తగా ఒక పవిత్ర నగరం కట్టించాడు. దాని పేరు ఆల్ ఉంటాష్ నాపిరిషా. మధ్యలో జిగ్గురాత్, అంటే అంతస్తులుగా పైకి లేచే గుడి. ఒక్కో వైపు 105 మీటర్లు. ఒకప్పుడు ఐదు అంతస్తులతో 50 మీటర్లు దాటి ఉండేదని లెక్క కట్టారు. ఇప్పుడు మిగిలింది 25 మీటర్లు. 1930ల్లో చమురు కోసం ఈ ప్రాంతమంతా గాలించినవాళ్ల వల్ల ఇది లోకానికి తెలిసింది. 1951 నుంచి పదేళ్ల పాటు ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త రోమన్ గిర్ష్‌మన్ తవ్వించాడు. 1979లో యునెస్కో జాబితాలో చేరింది. ఇరాన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి మూడింటిలో ఇదొకటి.

ఈ అంకెలు ఏ బోర్డు మీదైనా ఉంటాయి. నన్ను కదిలించింది ఇటుకలు. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే పది వరసలు మామూలు ఇటుకలు, పదకొండో వరసలో మేకు గుర్తుల రాత. మళ్లీ పది వరసలు, మళ్లీ రాత. రాజు తన పేరు, తండ్రి హుంబన్ నుమేనా పేరు, తాను సూసాకూ అన్షాన్‌కూ రాజునన్న మాట, ఏ దేవుడి కోసం కడుతున్నాడన్న మాట. ఆ రాతను చదవగలిగే జనం ఆ ఊళ్లో ఎంతమంది ఉండి ఉంటారు? పై అంతస్తుల్లో రాసిన వరసలు కింది నుంచి చూసేవాడికి కనిపించవు కూడా. అది దేవుడికి రాసిన రాత. ఆ మాట అక్కే అంది. అన్నాక ఇద్దరం చాలాసేపు గోడ పక్కనే నిలబడిపోయాం.

ఏ దేవుడు? ఇద్దరు. ఒకరు సూసా ఊరి దేవుడు ఇన్‌షుషినాక్, మైదానం వాడు. ఇంకొకరు నాపిరిషా, కొండల వైపు పెద్ద దేవుడు. రాజు ఇద్దరినీ ఒకే గుడికెక్కించాడు. అంతటితో ఆగలేదు. జిగ్గురాత్ చుట్టూ ఉన్న ప్రాకారాల్లో రాజ్యంలోని దేవతలందరికీ చోటిచ్చాడు. వాయవ్యం వైపు నాపిరిషా దేవేరి కిరిరిషాకూ, ఇష్నికారబ్‌కూ గుళ్లు. ఇంకోవైపు పినికిర్ అనే తల్లి, వాన దేవుడు అదద్, అతని భార్య షాలా, హిష్మితిక్, రుహురాతిర్, సిముత్, నప్రతెప్ దేవతలు. వీళ్లలో కొందరు ఈలమ్ వాళ్లే, కొందరు పక్క బాబిలోనియా నుంచి వచ్చినవాళ్లు. ఒక రాజ్యంలోని రెండు నేలలను, రెండు జనాలను కలిపి ఉంచడానికి దేవుళ్లందరినీ ఒకే ఊరికి పిలిచిన రాజు అతను. మూడు ప్రాకారాల్లో బయటిదాని చుట్టుకొలత దాదాపు నాలుగు కిలోమీటర్లు. అంత స్థలం గీసి పెట్టాడు కానీ నగరం పూర్తి కాలేదు. వాడకుండా మిగిలిపోయిన ఇటుకలు వేల కొద్దీ తవ్వకాల్లో దొరికాయి. గోడలకన్నా ఆ మాటే ఈ చోటును నాకు దగ్గర చేసింది.

జిగ్గురాత్ కట్టిన తీరు కూడా వింత. మెసొపొటేమియాలో ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు పేర్చుకుంటూ పోయారు. ఇక్కడ ప్రతి అంతస్తూ నేల నుంచే లేస్తుంది, ఒకదాని లోపల ఇంకొకటి. మొదట నలుచదరపు వాకిలి చుట్టూ గదులున్న గుడి కట్టి, తర్వాత ఆ వాకిలిలోంచే పై అంతస్తులను లేపారు. మెట్లు బయట కాకుండా కమాను కప్పిన దారుల్లో లోపలి నుంచి వెళ్తాయి. ఆగ్నేయం వైపు నేల మీద చిన్న చిన్న ఇటుక పీఠాలు రెండు వరసల్లో ఉన్నాయి, బలులకు వాడారంటారు. గుండ్రటి కట్టడాలు కూడా ఉన్నాయి, మెట్లతో సహా. అవి విగ్రహపీఠాలా, సూర్యుణ్ని గమనించే చోట్లా అన్న వాదన ఇంకా తెగలేదు. ఒక ఇటుక మీద చిన్నపిల్ల పాదం ముద్ర ఉంది. పచ్చి ఇటుక ఆరబెట్టినప్పుడు ఎవరో తొక్కి పోయారు. మా డ్రైవర్ "ఖానుమ్ (అమ్మగారూ), ఇటు రండి" అని పిలిచి మరీ చూపించాడు.

జిగ్గురాత్ ఎక్కనివ్వరు, తాళ్లు కట్టారు. అదే మంచిది. పచ్చి ఇటుక కట్టడం అది, పైన కాల్చిన ఇటుక తొడుగు చాలాచోట్ల ఊడిపోయింది. ఇప్పుడు కనిపించే నున్నటి మట్టి పూత కొత్తది. వాన నీళ్లకు గోడలు కరగకుండా గడ్డి కలిపిన మట్టితో పూస్తున్నారు. అది చూసి "అంతా కొత్తగా కట్టేశారు" అని కొందరు నిరాశపడటం విన్నాను. ఆ పూత లేకపోతే కొన్నాళ్లకు చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు.

తూర్పు వైపు అరగంట నడిస్తే రాజభవనాలు, వాటి కింద కమాను వేసిన సమాధులు. లోపల దొరికినవాటిలో ఎక్కువ దహనం చేసిన అవశేషాలే. ఈలమ్‌లో మామూలుగా పూడ్చేవాళ్లు, ఈ రాజకుటుంబం మాత్రం దహనం ఎంచుకుంది. ఒక సమాధిలో దహనం చేయని స్త్రీ అస్థిపంజరం ఉంది. ఎందుకో ఊహించుకోవడమే. దాని దగ్గరే అగ్ని దేవుడు నుస్కూ గుడి. ప్యాకేజీ టూర్ల వాళ్లు ఇక్కడిదాకా రారు, జిగ్గురాత్ ముందు నలభై నిమిషాలు ఆగి వెళ్లిపోతారు. బయటి గోడ దగ్గర నీటి తొట్టె ఒకటుంది. నదినీళ్లు వడగట్టి లోపలికి పంపే ఏర్పాటు అని గిర్ష్‌మన్ అన్నాడు. కాదు, అది వాన నీళ్లు బయటికి పోయే కాలువ అని తర్వాతి వాళ్లు కొందరు అంటున్నారు.

సౌకర్యాలు: టికెట్ విదేశీయులకు ఎక్కువ ధర, కౌంటర్ దగ్గర నోట్లే తీసుకున్నారు. గేటు దగ్గర మూత్రశాల, నీళ్లు ఉన్నాయి. లోపల నీడ అన్నదే లేదు. తినడానికి ఏమీ దొరకదు. నీళ్లు, టోపీ, ఏదైనా తిండి వెంట తీసుకెళ్లండి. బోర్డులు పార్సీలో, ఇంగ్లీషులో ఉన్నాయి కానీ దేవతల గుళ్ల దగ్గర పేర్లే ఉన్నాయి, వివరం లేదు. సాయంత్రం వెళ్లడం మంచిది. ఏటవాలు ఎండలో ఇటుక మీది రాత స్పష్టంగా కనిపిస్తుంది.

సూసా గురించి తక్కువ చెబుతాను. ఇక్కడ ఆశ పెట్టుకుని వెళ్తే మనసు బాధపడుతుంది. ఇది ఈలమ్ రాజధాని, ఇన్‌షుషినాక్ సొంత ఊరు. చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే దేవుడిగా కూడా ఆయన్ను కొలిచారు. సమాధుల్లో దొరికిన మట్టిపలకల మీద ఆత్మను ఆయన ముందుకు నడిపించుకెళ్లే ఇద్దరు దేవతల ప్రస్తావన ఉంది. ఇప్పుడు ఆ గుడి ఉన్న గుట్ట మీద 1897 తర్వాత ఫ్రెంచ్ తవ్వకందారులు కట్టుకున్న కోట ఉంది. జాక్ ద మోర్గన్ కట్టించాడు. దాని గోడల్లో పాత ఇటుకలే వాడారు, మేకు రాత ఉన్నవి కూడా. గుట్టను ఆయన ఎంత లోతుగా కోయించాడో చూస్తే కడుపులో దేవినట్టుంది. బాబిలోనియా రాజు హమ్మురాబి చట్టాలు చెక్కిన శాసనస్తంభం 1901లో ఈ గుట్టలోనే దొరికింది. దాన్ని ఈలమ్ రాజు షుత్రుక్ నహ్హుంతే బాబిలోనియా నుంచి గెలిచి తెచ్చి తన దేవుడికి సమర్పించాడు. అది ఇప్పుడు పారిస్‌లో ఉంది.

ఈ ఊరి చివరి కథ అసిరియా రాజు అషుర్‌బనిపాల్ రాయించుకున్న శాసనాల్లో ఉంది. క్రీ.పూ. 646 ప్రాంతంలో సూసాను దోచి, జిగ్గురాత్‌ను కూల్చి, దాని మెరిసే రాగి కొమ్ములను విరగ్గొట్టానని రాయించుకున్నాడు. పరాయివాడు అడుగు పెట్టకూడని పవిత్ర వనాలను తగలబెట్టించాడు. ఎవరి కంటా పడకుండా రహస్య స్థలంలో ఉండే ఇన్‌షుషినాక్‌నూ మిగతా దేవతలనూ వాళ్ల సొత్తుతో, పూజారులతో సహా ఎత్తుకుపోయాడు. దేవుళ్లను చెరపట్టడం అప్పటి యుద్ధంలో భాగం. షుత్రుక్ నహ్హుంతే బాబిలోనియాలో చేసిందీ అదే. మేం ఆ గుట్ట అంచున నిలబడి ఆ శాసనంలోని దేవతల పేర్లను ఫోన్‌లో చదువుకున్నాం. గుడి కొమ్ములు, గుడి వనాలు అన్నవి ఈలమ్ మతానికి గుర్తులని వాళ్లను నాశనం చేసినవాడి రాతలు కూడా చెబుతున్నాయి.

గుట్ట కింద ఉన్న మ్యూజియం చూడండి. ఊళ్లో దానియేలు ప్రవక్త సమాధి కూడా చూడండి. తెల్లటి అంచెలంచెల శంఖాకారపు గోపురం, లోపల అద్దాల పని, ఎప్పుడూ జనం. ఆడవాళ్లకు ఒళ్లంతా కప్పుకునే చాదర్ వాళ్లే ఇస్తారు. సూసా ఊరి దేవుడు పోయాక కూడా ఈ ఊరికి యాత్రికులు రావడం ఆగలేదు.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. మన సోషల్ మీడియాలో "ఈలమ్ భాష ద్రావిడ భాషే" అని చాలా ధీమాగా రాస్తుంటారు. డేవిడ్ మెకాల్పిన్ అనే భాషావేత్త 1970ల నుంచి ఈలమ్, ద్రావిడ భాషలకు ఒకే మూలం ఉందని వాదించాడు. ఎక్కువమంది భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. ఈలమ్ భాషకు తెలిసిన చుట్టాలు లేరన్నదే ఇప్పటికి నిలిచిన మాట. ఆ దేవుళ్లు మనవాళ్లని అనుకుంటేనే చూడ్డానికి వెళ్లాలని ఏమీ లేదు. ఎవరివాళ్లయినా చూడదగ్గవాళ్లే.

షూష్తర్ ఈలమ్ ఊరు కాదు, కానీ దారిలో ఉంది కాబట్టి ఆగాం. కొండరాయి తొలిచి నీటిని మర మీదికి మళ్లించిన పాత ఏర్పాటు, 2009లో యునెస్కో గుర్తించింది. సాయంత్రం దీపాలు వెలిగాక బాగుంటుంది. పాత ఇళ్లలో వసతి దొరుకుతుంది, భోజనం కూడా వాళ్లే వండుతారు.

ఇక ఈజె. అహ్వాజ్ నుంచి ఈశాన్యంగా 200 కిలోమీటర్ల లోపు, కొండల మధ్య పళ్లెం ఆకారపు మైదానంలో ఉన్న ఊరు. బఖ్తియారీ అనే కొండ తెగవాళ్ల ప్రాంతం, దారి పక్కన శ్మశానాల్లో వాళ్ల వీరుల సమాధుల మీద రాతి సింహాలు కనిపిస్తాయి. పాతకాలంలో దీని పేరు ఆయాపిర్. హోటళ్లు పెద్దగా లేవు. ఒక బఖ్తియారీ కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. నేల మీద పరుపులు, మధ్యలో హీటర్, రాత్రి వేడి సూపు, పెరుగు, అన్నం. గదికి గొళ్లెం సరిగా పడదు, స్నానాల గది అందరికీ ఒకటే. అయినా ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన బస ఇదే. మేం వచ్చింది శిల్పాల కోసమని తెలిసి ఇంటాయన పొద్దున తనే వెంట వచ్చాడు.

ఊరికి నైరుతిలో రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఎష్కఫ్తె సల్మాన్ గుహ ఉంది. రాతిగోడ మీద నాలుగు శిల్పాలు, లోపల ఊట, వానాకాలం తర్వాత పై నుంచి జారే నీళ్లు. శిల్పాల్లో పురుషుడు, పక్కన భార్య, నడుమ బిడ్డ, అందరూ చేతులు జోడించి గుహ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ కాలపు శిల్పాల్లో రాణి రాజుతో సమానంగా నిలబడి మొక్కడం అరుదు. శిల్పాలు ముందు కాలానివి, వాటి మీద క్రీ.పూ. 7వ శతాబ్దపు రాత హన్నీ అనే ఆయాపిర్ పాలకుడిది. తర్రిషా అనే ఆ చోటి తల్లి, మస్తి దేవతకు చేసిన మొక్కు అది. గుహ, ఊట, చెట్లు, వీటి మధ్య కొలువైన తల్లి. ఇటుక గుడి కట్టాల్సిన పని వాళ్లకు లేకపోయింది.

కూలె ఫరా ఊరికి ఇంకోవైపు, ఏడు కిలోమీటర్లు. కొండ నోట్లో చిన్న లోయ. గోడల మీదా, విడిగా పడి ఉన్న బండల మీదా ఆరు శిల్పాలు. మొదటిదాంట్లో హన్నీ పెద్దగా నిలబడ్డాడు, పక్కన వాద్యాలు పట్టిన ముగ్గురు, తల తెగిన పొట్టేళ్లు, ఎద్దు. చుట్టూ తీరూతీర్ అనే దేవుణ్ని కీర్తిస్తూ రాత. నాలుగోదాంట్లో రాజు ఆసనం మీద కూర్చున్నాడు. ఆయన ముందు వరసలు వరసలుగా వందకు పైగా మనుషులు, చేయి నోటిదాకా ఎత్తి ప్రసాదం తింటున్నట్టు.

మూడోది విడిగా ఉన్న పెద్ద బండ. దాని ముందే మేం ఎక్కువసేపు ఉన్నాం. నలుగురు మోకాళ్ల మీద వంగి ఒక వేదికను మోస్తున్నారు, దాని మీద నిలువెత్తు మూర్తి. వెనకా ముందూ, బండ నాలుగు వైపులా, దాదాపు 200 మంది ఊరేగింపుగా నడుస్తున్నారు, బలికి తెచ్చిన పశువులతో. ఆ మూర్తి దేవుడా, రాజా అన్నది పండితులకు ఎడతెగని వాదన. పల్లకీ సేవలో ఉత్సవ మూర్తి వెనక నడిచిన మనకు మాత్రం అది ఏం జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు. మేళం ముందు, మూర్తి మధ్యలో, ఊరంతా వెనక. ఆ బండ ఇప్పటికీ ఆ ఊరేగింపు జరిగిన లోయలోనే ఉంది. చోగా జంబీల్‌లో ఖాళీ పీఠాల దగ్గర ఊహించుకోవాల్సి వచ్చిన పూజ ఇక్కడ మన కళ్లముందు నడుస్తుంది.

బాధ కలిగించే సంగతి కూడా ఉంది. శిల్పాలు అరిగిపోతున్నాయి. వాన, ఎండ, నాచు. మొహాలు చాలావరకు లేవు. కాపలా ఒక్క మనిషి, చుట్టూ తీగ కంచె. మధ్యాహ్నం నీడలో ఏమీ కనిపించవు. పొద్దున పక్క వెలుగు పడినప్పుడే గీతలు లేస్తాయి కాబట్టి తొమ్మిదికి ముందే అక్కడుండండి. ముందుగా శిల్పాల రేఖాచిత్రాలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, లేకపోతే సగం తెలియదు. బండలను తాకకండి, తడిపి ఫోటోలు తీయకండి. మా ముందే ఒక గుంపు సీసాలో నీళ్లు చల్లి తీయబోతే ఇంటాయన గట్టిగా ఆపాడు.

నెలల సంగతి: నవంబర్ నుంచి మార్చి మధ్య వరకు మంచిది. మార్చి 20 తర్వాత రెండు వారాలు నౌరోజ్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు, ఇరాన్ వాళ్లే వేల మంది వస్తారు, గదులు దొరకవు. ఆడవాళ్లు తలకు గుడ్డ కప్పుకోవాలి, కాటన్ చున్నీలు చాలు. శాకాహారులకు అహ్వాజ్‌లో ఇబ్బంది లేదు. లష్కరాబాద్ వీధి మొత్తం ఫలాఫల్ (శనగల వడలు) దుకాణాలే, కావలసిన కూరగాయలు, ఊరగాయలు మనమే పెట్టుకోవచ్చు. చేపలు తినేవాళ్లు చింతపండు, కొత్తిమీర, మెంతాకు వేసి వండే ఖలియె మాహీ వదలొద్దు. కొండల్లో మాత్రం ఆశ్ అనే చిక్కటి సూపు, పెరుగు, అన్నంతో సర్దుకోవాలి.

టెహ్రాన్‌కి తిరిగి వచ్చాక జాతీయ మ్యూజియం చూడండి. ముందు కాదు, తర్వాతే. చోగా జంబీల్ గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డ మట్టి ఎద్దు అక్కడుంది, వీపు మీద ఉంటాష్ నాపిరిషా రాత. ఆ గుమ్మం చూసి వచ్చినవాళ్లకే ఆ ఎద్దు ఎంత పెద్ద గుడి ముందు ఎంత చిన్నదో తెలుస్తుంది.

పారిస్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. సూసా సొత్తులో చాలా భాగం లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మోనాలిసా దగ్గర క్యూలో నిలబడే సమయంలో సగం ఈలమ్ గదులకు ఇవ్వండి. రాణి నపీర్ అసూ లోహ విగ్రహం, తల లేదు, బరువు 1,750 కిలోలు. దీన్ని పాడుచేసినవాళ్లను నాపిరిషా, కిరిరిషా, ఇన్‌షుషినాక్ శిక్షించాలని పావడా అంచున రాసి ఉంది. ఈమె చోగా జంబీల్ కట్టించిన రాజు భార్య. దాని దగ్గరలోనే సిత్ షంషి అనే చిన్న కంచు పలక వెతకండి, 60 సెంటీమీటర్ల పొడవు. క్రీ.పూ. 12వ శతాబ్దపు రాజు షిల్హాక్ ఇన్‌షుషినాక్ చేయించాడు. అంతస్తులుగా లేచే రెండు గుళ్లు, చెట్లు, నీటి కాగు, వాటి నడుమ ఇద్దరు మనుషులు గొంతుకూర్చుని ఉన్నారు. సూర్యోదయం వేళ ఒకరు ఇంకొకరి చేతుల మీద నీళ్లు పోస్తున్నారు. అషుర్‌బనిపాల్ తగలబెట్టిన వనాలూ, కూల్చిన గుళ్లూ ఎలా ఉండేవో చూపించే ఈలమ్ వాళ్ల సొంత సాక్ష్యం అది. ఖూజిస్తాన్ వెళ్లడం కుదరనివాళ్లు దీన్నైనా చూడండి. వెళ్లబోయేవాళ్లు దీని ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే చోగా జంబీల్ వాకిట్లో ఏది ఎక్కడ ఉండి ఉంటుందో తేలిగ్గా పోల్చుకోవచ్చు.